సగం కోసిన వాన

ఆగస్టు 18, సోమవారం

ఈ రోజు నుంచి మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాను. అప్పుడే వచ్చేసిందేమిటి అన్నట్టు చూశారందరూ. ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? అమ్మ తమ్ముడి ఫొటో ముందు కూర్చుని ఏడుస్తుంది, నేను అమ్మ ముందు కూర్చుని ఏడవాలి. అంతేగా.

ఈ నోట్‌బుక్ ఎవరికీ చూపించేది కాదు. జరిగింది జరిగినట్టు ఒక చోట రాసి పెట్టుకుందామని.

ఆగస్టు అయిదు, మంగళవారం. పొద్దున ఏడున్నరకు మా వాతావరణ ఆఫీసు నుంచి నేను రైతులందరికీ పంపిన వాట్సాప్ మెసేజ్: "వర్ధన్నపేట మండలం. రేపు ఉదయం వరకు 11 సెం.మీ. వాన పడే అవకాశం. మందులు పిచికారీ చేయకండి." 7:52కు తమ్ముడు ప్రశాంత్ చూశాడు. రెండు నీలం టిక్కులు ఇప్పటికీ ఉన్నాయి. ఎనిమిదికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం ట్రాలీతో వాగు దాటబోయాడు. పడింది ముప్పై ఒక్క సెంటీమీటర్లు. ట్రాలీ మర్నాడు దొరికింది. వాడు ఆ తర్వాతి రోజు దొరికాడు.

వాన లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ పదకొండే చెప్పింది. నేను అదే రాశాను. మోడల్ తప్పు చెప్తే నేనేం చేయను?

ఆగస్టు 19, మంగళవారం

పొద్దున్నే అమ్మ మళ్లీ అందుకుంది.

"పదకొండు అని నువ్వు రాసినవా లేదా? రాసినవ్. పదికే ఆ వంతెన మునుగుతదని వానికి ఎరుక లేదా? ఎరుకే. మరెట్ల వోయిండు? అదే పంపింది. కిరాయి వోతదని పంపింది."

అదే అంటే హెప్సిబా. తమ్ముడి భార్య. నలభై రోజులు గడిచేదాకా ఆ ఇంటి గడప తొక్కనని అమ్మ ఒట్టు పెట్టుకుంది. మనవరాలిని కూడా చూడలేదు. చర్చిలో ఆడవాళ్లు కూడా ఇదే మాట. అక్క అంత స్పష్టంగా చెప్పినా పెళ్లాం పోనిచ్చిందట.

అమ్మ మాటలో తప్పేముంది? ఆ లోలెవల్ వంతెన సంగతి వర్ధన్నపేటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పది సెంటీమీటర్లు దాటితే నీళ్లు మీదికొస్తాయి. ప్రశాంత్ తొమ్మిదేళ్లుగా ఆ దారిలో ఎరువు బస్తాలు తోలుతున్నాడు. పదకొండు అని చూసి కూడా పోయాడంటే మొండితనం కాక ఏమిటి?

రాసి చూసుకుంటే బాగానే ఉంది. కానీ వాడు మొండివాడు కాదు. నాకంటే పిరికివాడు. ఉరిమితే వచ్చి నా దుప్పట్లో దూరేవాడు.

ఆగస్టు 21, గురువారం

ఆఫీసు పేజీలో పాత ఫోర్‌కాస్ట్ ఉండదు. కొత్తది రాగానే పాతది చెరిగిపోతుంది. ఆ పొద్దున నేను చూసిన మ్యాప్ ఇంక కనబడదు.

కావ్యకు ఫోన్ చేశాను. డిగ్రీలో నా పక్క బెంచీ. ఇప్పుడు హైదరాబాద్‌లో వాతావరణం లెక్కల మీదే ఉద్యోగం.

"మోడల్ చెప్పిన ప్రతి మాట ఎక్కడో దాచే ఉంటదే," అంది. "ఏ తేదీన చెప్పింది, ఏ పూట చెప్పింది, ఏ రోజు కోసం చెప్పింది, అన్నీ. పాతవి టేపుల మీద పెడ్తరు. మనం అడిగితే ఆ టేపు దించి ఇయ్యాలె. జర టైం పడ్తది. ఇంతకు నీకెందుకే?"

"మోడల్ పదకొండే చెప్పిందని కాగితం మీద కావాలి. అమ్మ అడుగుతోంది."

అబద్ధం. అమ్మ అడగలేదు.

ఏ పూట లెక్క కావాలి అంది. ముందు రోజు సాయంత్రానిది అన్నాను. పొద్దుటిది మాకు పదకొండు గంటలు దాటితే గాని రాదు, రైతులు అప్పటికి చేలోకి పోతారు, అందుకని ఎప్పుడూ సాయంత్రం లెక్క చూసే మెసేజ్ రాస్తాం. తను చెప్పినట్టు ఆర్కైవ్ ఫారం నింపాను. తేదీ, పూట, చోటు, వాన. పంపగానే తెర మీద ఒక వాక్యం వచ్చింది. మీ విన్నపం క్యూలో ఉంది.

ఆగస్టు 22

క్యూలో ఉంది.

ఆగస్టు 23

క్యూలో ఉంది. ఆఫీసులో పదిసార్లు చూశాను. తమ్ముడి ట్రాలీ హారన్ లాంటిది రోడ్డు మీద వినబడితే కిటికీ దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో.

ఆగస్టు 24, ఆదివారం

గుడిలో పాస్టర్‌గారు ప్రకటన చేశారు. సెప్టెంబరు పదమూడు శనివారం మా ఇంట్లో ప్రశాంత్ నలభయ్యో దినం కూడిక. "అక్కగారు లిదియమ్మ సాక్ష్యం చెప్తారు," అన్నారు నన్నడక్కుండానే. మా వాళ్లలో అంతే, పోయినవాడి గురించి ఇంట్లో ఒకరు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుని ఎదుట, సంఘం ఎదుట. ప్రార్థన చేసి మొదలుపెట్టే మాట గనక అందులో అబద్ధమాడకూడదు.

హెప్సీ చివరి చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె పక్కన ఖాళీ. పాప ఒక్కటే ఆ ఖాళీలో అటూ ఇటూ దొర్లుతోంది. నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

ఆగస్టు 27, బుధవారం

వచ్చింది.

ఫైలు డౌన్‌లోడ్ అయింది కానీ తెరుచుకుంటేనా? తల ప్రాణం తోకకొచ్చింది. కావ్య ఫోన్‌లో ఉండి ఒక్కొక్కటే చెప్పింది. భూమంతా చుక్కలు పెట్టి ఉంటుందట, చుక్కకూ చుక్కకూ పాతిక కిలోమీటర్లు, ఒక్కో చుక్క దగ్గర ఒక్కో అంకె. వర్ధన్నపేటకు దగ్గరి చుక్క పట్టుకున్నాను.

0.22.

సున్నా! అసలు వానే లేదంది మోడల్! నాకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. "చూడవే, సున్నా అట, నేనే నయం, పదకొండన్నా రాసిన," అన్నాను కావ్యతో.

కావ్య నవ్వలేదు.

"లిదియా. ఆ ఫైల్ల వాన మీటర్లల్ల ఉంటదే."

మీటర్లలో. అంటే ఇరవై రెండు సెంటీమీటర్లు.

ఆగస్టు 28, గురువారం

చుక్క తప్పు పట్టుకున్నానేమో. తూర్పు చుక్క చూశాను, పదిహేడు. ఉత్తర చుక్క, ఇరవై నాలుగు.

మోడల్ వాళ్ల గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక. ఆ తేడా కలిపి, మన లెక్క ప్రకారం పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా తీశాను. లెక్క మొదలైన గంట నుంచి వాన కూడుతూ పోతుందట, అందుకని ముందుది తీసేయాలి. తీసేస్తే పంతొమ్మిదిన్నర. అంతకు ముందు పూట లెక్క తెప్పించాను, టేపు దించే ఉంది గనక వెంటనే వచ్చింది. పద్నాలుగు.

పదకొండు ఎక్కడా లేదు. పదకొండు ఉన్నది నా మెసేజ్‌లో మాత్రమే.

ఆగస్టు 29, శుక్రవారం

సరే, రాస్తాను.

రెండేళ్ల కింద మోడల్ ఎంత చెప్తే అంతే రాసేదాన్ని. ఎనిమిది అంటే నాలుగు పడేది, అయిదు అంటే రెండు. రైతులు మందు కొట్టడం ఆపుకుని, ఆకాశం వైపు చూసి, నన్ను తిట్టుకునేవాళ్లు. రాని వానకు నా పేరే పెట్టారు. వర్ధన్నపేట మొగిలయ్య ప్రతి వారం ఫోన్ చేసేవాడు. "ఏం బిడ్డా, ఇయ్యాల గూడ లిదియమ్మ వాననేనా?" నవ్వుతూనే అనేవాడు గానీ నాకు మొహం చెల్లేది కాదు.

నిరుడు జూన్‌లో మా పెద్ద సార్ చంద్రమౌళిగారు ఒక కిటుకు చెప్పారు. ముప్పై ఏళ్ల అనుభవం ఆయనది. "మన దిక్కు ఈ మోడల్ ఎప్పుడూ ఎక్కువ చెప్తదమ్మా. సగానికి కోసి రాయి." కోశాను. సరిగ్గా సరిపోయింది. మొగిలయ్య ఎగతాళి మానేశాడు. ఒకసారి జామపండ్లు కూడా తెచ్చి ఇచ్చాడు.

ఆగస్టు అయిదు పొద్దున తెర మీద ముదురు ఊదా రంగు ఉంది. ఇరవై రెండు. చూశాను. అంత పెద్ద అంకె అంతకుముందు నా చేతి మీదుగా ఒక్కసారి కూడా పోలేదు. అయినా చెయ్యి ఆగలేదు. పదకొండు అని రాసి, టీ చల్లారుతోందని లేచాను.

మోడల్ తప్పు చెప్పిందని ఈ నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాశాను. దాన్ని కొట్టేయను. ఉండనీ.

సెప్టెంబరు 3, బుధవారం

నిరుటి వానాకాలానివీ, ఈ వానాకాలంలో నిన్నటిదాకావీ ఫోర్‌కాస్టులు ఆర్కైవ్ నుంచి తెప్పించాను. వర్ధన్నపేటలో వాన కొలిచిన అంకెలు పక్కన పెట్టాను. రెండు వందల పదహారు రోజులు. కళ్లు మండుతున్నాయి. మంచిదే, ఏడ్చిందని ఎవరూ అనుకోరు.

చిన్న వానలకు సార్ చెప్పిందే నిజం. సగమే పడింది, కొన్నిసార్లు సగం కూడా లేదు. కానీ మోడల్ పదిహేను దాటి చెప్పిన రోజులు మొత్తం మూడు. మూడుసార్లూ మోడల్ చెప్పినదానికంటే ఎక్కువ పడింది. మొదటి రెండూ నేను ఉద్యోగానికి సెలవు పెట్టిన రోజుల్లో వచ్చాయి. మూడోది ఆగస్టు అయిదు.

చిన్న వానకు ఎక్కువ చెప్తుంది, పెద్ద వానకు తక్కువ చెప్తుంది. మామూలు విషయమే ఇది, ఎప్పట్నుంచో అందరికీ తెలుసు అంది కావ్య. మాకెవరికీ తెలియదు. మేమెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు.

సెప్టెంబరు 4, గురువారం

ఆ కాగితం చంద్రమౌళి సార్ ముందు పెట్టాను. కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశారు.

"రెండు వందల చిల్లర రోజులు మన సగమే కరెక్టున్నది గదమ్మా."

"మూడు రోజులు లేదు సార్."

"నేను సగం అన్నది మామూలు వానలకు. ఇరవై రెండు కనవడ్డప్పుడు నాకు ఒక్క ఫోన్ జెయ్యాలె గదా నువ్వు."

"మామూలు వానలకు అని మీరు అప్పుడు అనలేదు."

"అన్లేదా?" అన్నారు. కాగితం మళ్లీ చూసి, "అన్లేదేమో," అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తిట్టాలని పోయాను. తిట్టలేకపోయాను. ఆయన నాకు చెప్పింది ఉపాయం. ఇరవై రెండును చూసింది నా కళ్లు.

అయినా ఒక్క మాట. పదకొండు కూడా తక్కువేమీ కాదు. పదకొండుకు కూడా వంతెన మునుగుతుంది. వాడు పోకుండా ఉండాల్సింది. అమ్మ అన్నదాంట్లో న్యాయం ఉంది. హెప్సీ ఆపాల్సింది.

సెప్టెంబరు 6

హెప్సీ ఆపాల్సింది.

సెప్టెంబరు 9, మంగళవారం

కూడికకు పిలవడానికి నేనే వర్ధన్నపేట పోయాను. అమ్మ పోదు, ఇంకెవరు పోతారు?

హెప్సీ చాప వేసింది, చాయ్ పెట్టింది. పాప బడికి పోయింది. ఏం మాట్లాడాలో తెలియక, "ఎందుకు పోనిచ్చినవ్ హెప్సీ?" అని అడిగేశాను. అడగకూడదనుకునే పోయాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు.

"నేను పోవద్దన్న వదినె. పదకొండు అన్నది గద అక్క, ఎట్ల పోతవ్ అన్న. నవ్విండు. 'నీకెరుక లేదే, అక్క నాకు ఎప్పుడో చెప్పింది, మెసేజ్‌ల ఎంతుంటే అండ్ల సగమే లెక్కవెట్టుకోమని. పదకొండంటే ఐదున్నర. ఐదున్నరకు వంతెన మీదికి చుక్క రాదు' అన్నడు. అయినా నేను ఇనకపోతే మీకు ఫోన్ జేసిండు. నా ముందల్నే జేసిండు. స్పీకర్ వెట్టి."

ఆ ఫోన్ నాకు గుర్తుంది. "అక్కా, మెసేజ్‌ల ఉన్నదే గదా? వేరే ఏం లేదు గదా?" "అదే రా. పనిల ఉన్న, పెట్టు." పద్నాలుగు సెకన్లు.

"ఈ మాట ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు? అమ్మ నిన్ను అన్ని మాటలంటుంటే?"

"ఏం జెప్పాలె? అక్కనే చెప్పిందట సగమని, అని నలుగుట్ల చెప్పాల్నా? మీ ఉద్యోగం, మీ పేరు ఖరాబైతది. ఆయనకు మీరంటే పాణం. ఊకున్న."

చాయ్ తాగలేకపోయాను. ఇరవై రెండు సంగతి ఆమెకు తెలియదు. అప్పుడే చెప్పాల్సింది. బస్సొస్తుందని లేచాను. బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది.

సెప్టెంబరు 10, బుధవారం

నేనే చెప్పాను. రెండేళ్ల కింద. నా మెసేజ్ చూసి వాడు ఒక రోజు బండి తీయలేదు, ఎండ కొట్టింది. సాయంత్రం వచ్చి నా నెత్తిన మొట్టాడు. "ఏం వానే నీది? నా బేరం పాయె." నేను నవ్వి, "మెసేజ్ ఊరందరికిరా. నువ్వు మాత్రం సగం అనుకో," అన్నాను. ఎవరికీ చెప్పని రహస్యం తమ్ముడికి చెప్పినట్టు గొప్పగా చెప్పాను.

తర్వాత జూన్ నుంచి నేనే సగం కోయడం మొదలుపెట్టాను. వాడికి చెప్పలేదు. గుర్తే రాలేదు. చిన్న వానలకు సగంలో సగం వేసుకున్నా ఏమీ కాలేదు కాబట్టి వాడూ అడగలేదు.

మోడల్ ఇరవై రెండు అంది. నేను పదకొండు చేశాను. వాడు అయిదున్నర చేసుకున్నాడు.

నేను ఇరవై రెండు అని రాసి ఉంటే వాడు సగం చేసి పదకొండు అనుకునేవాడు. పదకొండుకు వాడు గడప దాటేవాడు కాదు. నా పిరికి తమ్ముడు గడప దాటేవాడు కాదు.

సెప్టెంబరు 12, శుక్రవారం

అమ్మకు మొత్తం చెప్పాను. వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తోంది. ఒలుస్తూనే విన్నది. "గీ లెక్కలు రేపు అండ్ల చెప్పకు బిడ్డా," అంది. "లేచి, దేవుని చిత్తం అని రెండు ముక్కలు చెప్పి కూసో. కొడుకు పాయె. నిన్ను గూడ పదిమంది నోట్లె వెయ్యాల్నా?"

"మరి హెప్సీ?"

వెల్లుల్లి అయిపోయినా అమ్మ చేతులు ఒలుస్తూనే ఉన్నాయి.

సెప్టెంబరు 13, శనివారం

నలభై మంది దాకా వచ్చారు. మొగిలయ్య కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చంద్రమౌళి సార్ వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. పాట అయింది, వాక్యం అయింది. పాస్టర్‌గారు నా పేరు పిలిచారు.

లేచాను. ప్రశాంత్ మంచివాడు, కష్టజీవి అన్నాను. అందరూ తలలూపారు. అమ్మ నా చీర కొంగు పట్టుకుని మెల్లగా లాగింది, ఇక కూర్చో అని. కొంగు విడిపించుకున్నాను.

"ఆ దినం మోడల్‌ల ఇరవై రెండు ఉండె. నేను చూసిన. నేను పదకొండు అని రాసిన. మెసేజ్‌ల సగమే నమ్ముమని వానికి ముందే నేర్పింది గూడ నేనే. వాడు ఐదున్నర అనుకుని పోయిండు. హెప్సిబా పోవద్దన్నది. పోవద్దని నాకు ఫోన్ చేపిచ్చింది గూడ ఆమెనే. నేను పనిల ఉన్న, పెట్టు అన్న. నా తమ్ముణ్ని పోనిచ్చింది ఆమె కాదు. నేను."

ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. చెప్పలేక కూర్చున్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు.

అమ్మ లేచింది. మోకాళ్ల నొప్పితో కూర్చున్నవాళ్ల భుజాలు పట్టుకుంటూ చివరి చాప దాకా నడిచింది. హెప్సీ పక్కన కూలబడి పాపను ఒళ్లోకి లాక్కుంది. "నన్ను క్షమించు బిడ్డా," అని గట్టిగా ఏడ్చింది. ఈ నలభై రోజుల్లో నాకు కలిగిన ఒకే ఒక్క సంతోషం అది.

భోజనాలయ్యాక హెప్సీ చెప్పులేసుకుంటూ ఆగింది. నా మొహం చూడలేదు.

"ఇరవై రెండు అని మీకు కనవడ్డదా వదినె?"

"కనబడింది."

"కనవడ్డదా," అంది మళ్లీ. పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

సెప్టెంబరు 14, ఆదివారం

గుడికి పోలేదు. అమ్మ పోయి హెప్సీ పక్కన కూర్చుందట. ఫోన్ చేశాను. హెప్సీ ఎత్తలేదు.

సెప్టెంబరు 16

ఎత్తలేదు.

సెప్టెంబరు 18, గురువారం

పొద్దున తెర మీద తొమ్మిది ఉంది. చెయ్యి నాలుగున్నర దగ్గరికి పోయింది. ఆపాను. తొమ్మిది అనే రాశాను. కింద ఒక వాక్యం కలిపాను: ఇది కోయని అంకె, ఎవరూ సగం చేసుకోవద్దు. చంద్రమౌళి సార్‌కు చూపించాను. చదివి తల ఊపారు. నాలుగు వందల మందికి పంపాను. జాబితాలోంచి ప్రశాంత్ నంబర్ తీయలేదు. అందరివీ రెండేసి టిక్కులు, వాడిది ఒక్కటి.

ఎనిమిదింటికి ఫోన్. హెప్సీ.

"తొమ్మిదంటే తొమ్మిదేనా?"

"తొమ్మిదే. ఇంకా ఎక్కువ గూడ పడొచ్చు."

"అయితే పాపను బడికి పంప. నడుమ వాగున్నది గదా."

"పంపకు హెప్సీ."

పెట్టేసింది. వదినె అనలేదు.

పగలంతా మబ్బు పట్టే ఉంది. పడింది మూడు సెంటీమీటర్లు. సాయంత్రం మొగిలయ్య ఫోన్ చేశాడు. "మళ్ల మొదలైందా బిడ్డా, లిదియమ్మ వాన?" అని నవ్వబోయి, ఏదో గుర్తొచ్చి ఆగిపోయాడు. నవ్వు మొగిలయ్యా, ఏం కాదు అన్నాను.

ప్రశాంత్ ఉంటే ఈ రోజు కూడా నా మాట వినేవాడు కాదు. తొమ్మిదిని నాలుగున్నర చేసుకునేవాడు. బస్తాలు వేసుకుని, వంతెన దాటి, మధ్యాహ్నం అన్నం వేళకు ఇంటికొచ్చేవాడు.